బాగున్నావా అని అడగని సువార్త ఆంటీ

కంజీర మోత నాకు చెవుల్లో కాదు, పళ్ళలో వినిపిస్తుంది. పోయిన ఆదివారం అమెరికాలో, ఇర్వింగ్‌లోని మా తెలుగు చర్చిలో ఆరాధన మొదలవగానే ముందు వరుసలో ఎవరో గట్టిగా వాయించారు. నా పళ్ళన్నీ జివ్వుమన్నాయి. బ్యాగులోంచి హెడ్‌ఫోన్స్ తీసి పెట్టుకున్నాను. పక్క వరుసలో నాలుగేళ్ళ పాప రెండు చెవులూ మూసుకుని కుర్చీ కిందికి దూరిపోయింది. ఆరాధన అయ్యాక, ఈ మధ్యే మా చర్చికి వస్తున్న ఆ పాప తండ్రి నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "అక్కా, చిన్నప్పుడు మీకూ ఆటిజం ఉండేదట కదా. మీకెలా తగ్గింది?" వచ్చే వారం ఒక బోధకుడు వస్తున్నారు. ఆయన ప్రార్థన చేస్తూ పాప తల మీద చెయ్యి పెడితే తను అందరి పిల్లల్లా అయిపోతుందని ఆ దంపతులు ఆశ పెట్టుకున్నారు. నాకు సువార్త ఆంటీ గుర్తొచ్చారు.

ఆవిడ మాకు బంధువు కాదు. తెనాలి వైపు మనిషి. ఇక్కడికి దగ్గర్లోని లాస్ కోలినాస్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తూ ఆదివారాలు మాకు సండే స్కూలు చెప్పేవారు. నోరు పెద్దది. పాస్టరుగారి ప్రసంగం మరీ సాగితే గడియారం వైపు చూసి దగ్గేవారు. ఇక్కడే పుట్టి పెరిగిన నేను ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నానంటే అది ఆవిడ చలవే. మొదట్లో మాత్రం ఆవిడా అందరిలాగే నా గడ్డం పట్టుకుని పైకెత్తి "ఇటు చూసి మాట్లాడు" అనేవారు. నాకు ఆవిడంటే అస్సలు ఇష్టం ఉండేది కాదు.

మా మధ్య పరిస్థితిని మార్చింది ఒక పలకరింపు. నాకప్పుడు ఏడేళ్ళు అనుకుంటాను. ఇంట్లో రోజూ ప్రార్థనలో అమ్మ "ప్రభువా, మా కెజియాను బాగుచెయ్యి" అని నా కోసం ఏడ్చేది. చర్చికి వెళితే ఎదురైన ప్రతివాళ్ళూ "బాగున్నావా?" అని అడిగేవారు. రెండింట్లోనూ ఉన్నది ఒకే మాట కదా. అమ్మ దేవుడికి అప్పజెప్పిన పని ఎంతవరకూ వచ్చిందో వీళ్ళంతా వాకబు చేస్తున్నారనుకునేదాన్ని. ఆ ఆదివారం తలుపు దగ్గర ఆంటీ కూడా అదే అడిగారు.

"లేదాంటీ, ఇంకా బాగవలేదు," అన్నాను.

ఆవిడ నవ్వు చప్పుడు సగంలో ఆగిపోయింది. "ఎవరన్నారే ఆ మాట?"

"అమ్మ రోజూ అడుగుతోంది. దేవుడే ఇంకా చెయ్యలేదు."

ఆవిడ ముఖం ఎలా ఉందో నేను చూడలేదు. ముఖాలు చూడటం నాకు ఇప్పటికీ కష్టమే. ఆ తరువాత ఆవిడ నా గడ్డం పట్టుకోలేదు, బాగున్నావా అనీ అడగలేదు. "ఇవాళ ఏది కష్టంగా ఉంది?" అనేవారు. దానికైతే నా దగ్గర బోలెడు జవాబులుండేవి. కుర్చీలు ఈడ్చే చప్పుడు, బిర్యానీ ట్రేల మీది ఫాయిల్ గరగర, కడుపులో నొప్పి. కంజీర అని చెప్పిన రోజు తన కంజీర తెచ్చి నా చేతిలో పెట్టారు. "నువ్వే కొట్టు. ఎప్పుడు మోగుతుందో నీకు ముందే తెలుస్తుందిగా," అన్నారు. నిజమే, నేను మోగించిన మోత నా పళ్ళ దాకా రాలేదు.

ఆ ఏడాదే వేరే రాష్ట్రం నుంచి ఒక బోధకుడు వచ్చారు. స్వస్థత కావాల్సినవాళ్ళు ముందుకు రండి అనగానే అమ్మ నా చెయ్యి పట్టుకుని లేచింది. ఎవరైనా తల ముట్టుకుంటే నాకు ఒళ్ళంతా మంటెత్తుతుంది. అది అమ్మకు తెలుసు. అయినా నడిపించుకు వెళ్ళింది, అంత ఆశ ఆమెకి. బోధకుడు చెయ్యెత్తారు. అంతలో సువార్త ఆంటీ వెనకనుంచి గబగబా వచ్చి మా మధ్య నిలబడ్డారు.

"అయ్యగారూ, ఈ పిల్లకి కడుపునొప్పి ఉంది, దానికి ప్రార్థన చెయ్యండి. సరిగ్గా నిద్ర పట్టట్లేదు, దానికీ చెయ్యండి. మాటలు వెతుక్కుంటది, ఓపిగ్గా వినేవాళ్ళని ఇమ్మని అడగండి. అంతేగానీ ఈ పిల్లని తీసుకుని ఇంకో పిల్లని ఇమ్మని మాత్రం అడక్కండి. మాకీ పిల్లే కావాలి."

ఆయన ఏమనుకున్నారో గానీ చెయ్యి దించి, నన్ను ముట్టుకోకుండానే కడుపునొప్పికి ప్రార్థన చేశారు.

పార్కింగ్ లాట్‌లో అమ్మ ఆవిడ మీద విరుచుకుపడింది. "మీ పిల్లైతే తెలిసేది మీకు! రేపు మేం పోయాక దీన్నెవరు చూస్తారు? మీరు చూస్తారా?"

"నేనూ పోతాను కదమ్మా. అందుకే తన పని తను చేసుకునేలా నేర్పిద్దాం. స్పీచ్ థెరపీ మాన్పించకు, ఇంకా ఏం కావాలన్నా చేయిద్దాం. నేర్పించడం వేరు, పిల్లనే మార్చెయ్యాలనుకోవడం వేరు."

"చెప్పడం తేలికేనండీ మీకు."

"తేలికే. కాదన్లేదు."

అమ్మ కారు తలుపు ధడాలున వేసింది. చాలా నెలలు ఆవిడతో మాట్లాడలేదు. కానీ ఆ వారమే నా కడుపునొప్పి కోసం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. అంతకుముందు నేను పొట్ట పట్టుకుని అరిచినా అదీ ఆటిజమేనని అందరూ సరిపెట్టుకునేవారు. మందు వాడాక నొప్పి పోయింది, నొప్పి పోయాక నిద్రా పట్టింది. "బాగుచెయ్యి" అన్న మాట అమ్మ ప్రార్థనలోంచి ఎప్పుడు జారిపోయిందో తెలియదు గానీ, మళ్ళీ వినపడలేదు.

నాకు మాటలొచ్చాయి, ఉద్యోగం ఉంది. మాట రాని పిల్లలున్నారు, తల గోడకేసి కొట్టుకునే పిల్లలున్నారు. వాళ్ళ తల్లిదండ్రులకు నీతులు చెప్పే ధైర్యం నాకు లేదు. ఆ పిల్లల బాధకు ఎక్కడైనా మందుంటే అది ఇవాళే వాళ్ళకి అందాలి. కానీ బాధ ఏదో, పిల్ల ఎవరో విడదీసి చూడమని ఆంటీ నాకు నేర్పారు. ఆ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు ఆ మాట అనడానికి నేనున్నాను.

"తగ్గలేదు తమ్ముడూ," అన్నాను పాప తండ్రితో. "కడుపునొప్పి తగ్గింది. ఆటిజం అలాగే ఉంది."

అతను పాప వైపు తిరిగి చూశాడు. "అయితే వచ్చే వారం పాపని తీసుకురావద్దంటారా?"

"తప్పకుండా తీసుకురా. నేనూ ముందు వరుసలోనే ఉంటాను. కానీ దేవుణ్ణి ఏం అడగాలో ముందు పాపని అడుగుదాం."

పాప ఇంకా కుర్చీ కిందే ఉంది. నేను కొంచెం దూరంలో నేల మీద కూర్చున్నాను. ఆమె వైపు చూడకుండా, "ఇవాళ ఏది కష్టంగా ఉంది?" అని అడిగాను. కాసేపటికి కుర్చీ కిందినుంచి ఒక చిన్న వేలు బయటికొచ్చి ముందు వరుస వైపు చూపించింది.

నేను లేచి కంజీర తేవడానికి వెళ్ళాను.