వేపమందు చొక్కా

మా చిన్నమ్మ పురుగుమందు తాగలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఆ వానాకాలం బోథ్ దగ్గర ఆమె అత్తగారి ఊళ్లో ఈ ఒక్క మాటను నమ్మే మనిషి దొరకలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పత్తిచేనుకు మందు కొడుతూ కొడుతూ సాళ్ల మధ్యే కూలబడింది చిన్నమ్మ. నోట్లోంచి నురగ, ఒళ్లంతా చెమట. చిన్నాయన ఆటోలో వేసుకొని ఆదిలాబాద్ పెద్దాసుపత్రికి ఉరికాడు, మందు సీసా కూడా వెంట పెట్టుకొని. సీసా మీద పచ్చటి వేపరెమ్మ బొమ్మ, పూర్తిగా వేపతో చేసిందని పెద్ద పెద్ద అక్షరాలు. డాక్టరు ఆ బొమ్మను చూసి ఊరుకోకుండా చిన్నమ్మ కనురెప్పలెత్తి చూశాడు. కనుపాపలు సూదిమొనంత అయిపోయి ఉన్నాయి. వెంటనే పురుగుమందు విషానికి ఇచ్చే విరుగుడు ఎక్కించాడు. ఆయన కడుపు చల్లగుండాలి, మనిషి దక్కింది.

మనిషి దక్కింది కానీ మాట దక్కలేదు. వేపకు ఇట్లా కాదు కాబట్టి ఇంకేదో తాగి ఉంటుందని అందరూ తీర్మానించేశారు. వివరాలు రాసుకోవడానికి వచ్చిన కానిస్టేబులు కూడా ఏమైందని అడగలేదు, ఏం తాగినవమ్మా అనే అడిగాడట. పత్తి పండే మా దిక్కున మందు వాసనతో వచ్చిన ఆడమనిషిని మొదట అడిగేది అదే! పైగా ముందురోజు ఇంట్లో లొల్లి అయింది. పెద్దపల్లిలో మా ఇంట్లో పెళ్లికి వెళ్తానని ఆమె, చేను వదిలి ఎట్లా పోతావని ఆయన. ఊరికి అంతకన్నా సాక్ష్యమెందుకు?

నేను హైదరాబాదు నుంచి ఆసుపత్రికి చేరేసరికి చిన్నమ్మకు తెలివి వచ్చింది. నా చెయ్యి పట్టుకొని, "బిడ్డా, నేను తాగలే. నువ్వన్న నమ్ము" అంది. బయట వరండాలో చిన్నాయన ఏడుస్తున్నాడు. నన్ను చూసి, "వేపమందుకు మనిషి పడిపోతదా? సదువుకున్నదానివి, నువ్వే చెప్పు" అన్నాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. అయినా సరే, ఇన్నేళ్లు కాపురం చేసి భార్య మాట కన్నా సీసా మాట నమ్మాడే అని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

చిన్నమ్మ వాళ్ల ఇంటికి వెళ్లి చూస్తే సంగతి అర్థమైంది. ఆ ఊళ్లో చాలా ఇళ్లల్లోలాగే వాళ్లకూ మందు కొట్టే పంపులు రెండున్నాయి. మంచిది గట్టి మందుకు, కారేది వేపమందుకు. వేప ఒంటి మీద పడితే ఏమవుతుంది, పుండుకు కూడా రాసుకుంటాం కదా అని వాళ్ల ధైర్యం. అట్లా ఆ కారే పంపునే వీపున తగిలించుకుంది చిన్నమ్మ. చేను పనికి ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుంటారు. ఆసుపత్రిలో నర్సు విప్పించిన ఆ చొక్కాను చిన్నాయన కవర్లో కట్టి ఓ మూల పడేశాడు. ఎవరూ ఉతకలేదు, అదే మేలైంది. చొక్కానూ, సీసాలో మిగిలిన మందునూ తీసుకొని హైదరాబాదు బస్సెక్కాను.

కూరగాయల్లో మిగిలిపోయే పురుగుమందులను వెతకడం నా పరిశోధన. అందుకోసం మా ల్యాబులో మాస్ స్పెక్ట్రోమీటర్ ఉంది. కాంటా మీద పత్తిని తూచినట్టు ఆ యంత్రం అణువులను తూస్తుంది. వాటికి విద్యుదావేశం ఎక్కించి, ముక్కలు చేసి, ఆ ముక్కలనూ తూచి, కంప్యూటర్ తెర మీద గీతలుగా చూపిస్తుంది. ఒక్కో పదార్థం తనదైన తీరులో విరుగుతుంది. సీసా మీద ఏ బొమ్మ వేసినా ఆ తీరు మారదు.

సీసాలోని మందులో వేప పేరుకే ఉంది. దాని పక్కన తెర పైఅంచు దాకా లేచి నిలబడింది ఇంకో గీత. అది చర్మంలోంచి దూరి నరాలను పట్టేసే ఆర్గానోఫాస్ఫేట్ మందు. అసలు మందు నమూనాతో పోల్చి చూశాను, అదే. తెర ముందే తిట్లు లంకించుకున్నాను. నా పరిశోధనకు గైడైన మేడం తలుపు దాకా వచ్చి, చూసి, తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయింది.

తర్వాత చొక్కాను ముక్కలుగా కత్తిరించి పరీక్షించాను. కాలరు దగ్గర, ఛాతీ దగ్గర దాదాపు ఏమీ లేదు. వీపు కింద, నడుము దగ్గర, పంపు కారిన చోట మాత్రం అదే మందు దండిగా ఇంకి ఉంది. తాగే మనిషి నడుము వెనక ఒలకబోసుకుంటుందా?

వ్యవసాయాఫీసుకు వెళ్తే మూత తీసిన సీసా నమూనా కిందికి రాదన్నారు, మూత తియ్యనిది తెమ్మన్నారు. మూత తియ్యకుండా మందెట్లా కొడతారు సార్ అని అడిగాను. అక్కడి ఆఫీసరు ఫ్యాను స్పీడు పెంచమని అటెండరును కేకేశాడు. మందు కొన్న దుకాణానికి వెళ్తే అప్పటికే వేపరెమ్మ సీసా ఒక్కటీ మిగల్లేదు. అట్లాంటి మందే రాలేదని దుకాణదారు నా మొహం మీదే అబద్ధమాడాడు. సిగ్గన్నా ఉండాలి కదా!

చిన్నమ్మను ఇంటికి తెచ్చాక, ఫోన్లో ఆ గీతలు చూపించి చిన్నాయనకు అన్నీ విడమరిచి చెప్పాను. ఒక్కో గీత మీద వేలు పెట్టి చూశాడు. "అంటే నిజంగనే తాగలే" అన్నాడు. ఆ బొమ్మలు తన ఫోనుకు పంపించుకొని, ఊరి వాట్సప్ గ్రూపులో పెట్టి, పెద్ద బరువు దించుకున్న మనిషిలా లోపలికి వెళ్లాడు. చిన్నమ్మ మంచంలో గోడ వైపు తిరిగి పడుకొని ఉంది. ఆయన పక్కన కూర్చొని నుదుటి మీద చెయ్యి వేసి, ఇప్పుడు పానం ఎట్లుందని అడిగాడు.

చిన్నమ్మ ఇటు తిరగనైనా లేదు.

"నన్నెందుకడుగుడు? ఆ మిషన్‌నే అడుగు."