తల ఊపించే గొంతు

ఎమ్మారై గదిలోకి ఇనుము తీసుకెళ్లకూడదని తలుపు మీద బొమ్మ వేసి మరీ హెచ్చరిస్తారు. నా గొంతును లోపలికి పంపకూడదని మాత్రం ఎవరూ బొమ్మ వెయ్యలేదు. వేసి ఉంటే మా అన్నయ్య కూతురు సింధు చదువు ఒక ఆదివారం పూట గంగలో, ఇక్కడి లెక్కలో యమునలో, కలవబోయేది కాదు.

ముందు నా సంగతి. తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ అభిప్రాయభేదం వస్తే, పెద్దమనసు చేసుకుని నేనే బడి వదిలి ఆయన్ని ఉండనిచ్చాను. ఇప్పుడు వైశాలిలో ఇడ్లీపిండి అమ్ముతాను. నా వ్యాపార రహస్యం ఒక్కటే. “పిండి ఇవాళ వెన్నలా వచ్చింది, ఏమంటారు?” అంటాను. ఏమంటారు అన్నాక తల ఊపని తెలుగువాడు ఢిల్లీ చుట్టుపక్కల నాకింకా తగల్లేదు. ఊపిన మనిషి సంచిలో ఇంకో కిలో పడుతుంది.

సింధు గ్రేటర్ నోయిడాలో హాస్టల్లో ఉండి స్కానింగుల చదువు ఎమ్మెస్సీ చేస్తోంది. ఆఖరి ఏడు ఏదో ఒకటి పరిశోధించి తీరాలట. దుకాణానికి వచ్చి చెప్పింది.

“బాబాయ్, పెద్దవాళ్లు ఎమ్మారైలో కదిలిపోతారు. కదిలితే బొమ్మ ఖరాబ్. వాళ్లకి చెప్పేదంతా హిందీలోనో ఇంగ్లిష్‌లోనో ఉంటుంది. అదే చెవుల్లో తెలుగు వినిపిస్తే కదలకుండా ఉంటారా అని చూస్తా. అదే నా ప్రాజెక్ట్.”

“దీనికి ఎమ్మెస్సీ ఎందుకే? నన్నడిగితే చెప్పేవాణ్ని.”

“నువ్వు చెప్తే థీసిస్ అవదు బాబాయ్. గొంతు ఇవ్వు, చాలు. ఔర్, నీ కస్టమర్లలో ఆరోగ్యంగా ఉన్న అంకుల్స్‌ని కొందర్ని తీసుకురా. ముందు ట్రయల్ చేసి మా గైడ్ మేడమ్‌కి చూపించాలి.”

“బాగా రాకపోతే?”

“మిషన్ మళ్లీ ఇవ్వరు. బేస్‌మెంట్‌లో పాత ఎక్స్‌రేలు గుట్టలుగా ఉన్నాయి. వాటిని సర్దడమే నీ ప్రాజెక్ట్ అంటుంది మేడమ్.”

పిల్ల ముఖం చూస్తే, అప్పటికే ఆ గుట్టల కింద ఉన్నట్టుంది. అభయం ఇచ్చేశాను.

రికార్డు చెయ్యమని రాసిచ్చిన మాటలు చూసి నీరుగారిపోయాను. ‘ఇప్పుడు శబ్దం వస్తుంది. భయపడవద్దు. తల కదపవద్దు.’ పెన్షన్ ఆఫీసు నుంచి వచ్చిన కాగితంలా ఉంది. ఉప్పు లేని పిండి. నేనో చిటికెడు వేశాను.

“రాసిందే చదివావు కదా?” అని ఫోన్లో అడిగింది సింధు.

“ఒక్క అక్షరం వదల్లేదు,” అన్నాను. అబద్ధం కాదు. వదల్లేదు, చేర్చాను. పరీక్షల హడావుడిలో వినే తీరిక లేక పిల్ల నమ్మింది. రక్తసంబంధం చేసే హాని ఇలాగే ఉంటుంది.

ఆదివారం వచ్చింది. తాను దూర కంత లేదు మెడకో డోలు అంటారు గానీ, ఆ మిషన్‌కి కంతా ఉంది, డోలూ ఉంది. దడదడలాడుతోంది. అద్దానికి ఇవతల మేడమ్, సింధు, నేను. మొదటి అంకుల్ బొమ్మ తెర మీదికి వచ్చింది. ఒక మనిషికి మూడు ముక్కులు. రెండో అంకుల్ మెదడు వానకు తడిసిన ముగ్గులా ఉంది. మూడో ఆయనది చూసి మేడమ్ కళ్లజోడు తుడుచుకుంది. తప్పు కళ్లజోడుది కాదు.

“కంగారు పడకు,” అన్నాను సింధుతో. “సుబేదార్ అంకుల్ ఉన్నారుగా.”

మయూర్ విహార్‌లో ఉండే ఈ రిటైర్డ్ సుబేదారు గారు పరేడ్‌లో ముక్కు మీద ఈగ వాలినా కదలని మనిషి. లోపల పడుకున్నారు. కాళ్లు చూస్తే అటెన్షన్‌లో ఉన్నాయి. తెర చూస్తే మళ్లీ మూడు ముక్కులు. మేడమ్ ఆయన్ని బయటికి లాగించింది.

“అంకుల్, ఆప్ హిల్ క్యోఁ రహే హైఁ?”

ఆయన నొచ్చుకుని నా వైపు చెయ్యి చూపించారు. “నేనెక్కడ కదిలానమ్మా? ఆ వెంకట్రావు మాటమాటకీ ఏదో అడుగుతున్నాడు. జవాబివ్వకపోతే ఏం మర్యాద? నోరు విప్పొద్దని మీరే అన్నారు. అందుకని తల ఊపాను.”

సింధు రికార్డింగు పెట్టింది. నా గొంతు గదంతా మోగింది. “తల కదపవద్దు. ఇంట్లో అన్నిటికీ ఊపే తలే కదా, కాసేపు దానికి సెలవిద్దాం. ఏమంటారు? శబ్దం వస్తుంది, భయపడవద్దు. మీ ఆవిడ గిన్నెలు తోమేటప్పుడు భయపడ్డామా? ఏమంటారు?”

నోరు మంచిదైతే ఊరు మంచిది అన్నారు. నా నోటికి ఊళ్లో ఉన్న తలలన్నీ మసకబారాయి.

“బాబాయ్,” అంది సింధు. రికార్డింగు ఆపి నావైపు తిరిగింది. తిట్టినా బాగుండేది.

మేడమ్ అర్థం చెప్పమంటే నాకొచ్చిన హిందీలో చెప్పాను. ఆమె నవ్వలేదు. సుబేదారు గారిని నా గొంతు లేకుండా మళ్లీ లోపలికి పంపింది. ఒకే ముక్కు. అద్దంలాంటి బొమ్మ.

“సింధు, నీ ప్రాజెక్ట్...” అని మేడమ్ మొదలుపెట్టేలోగా పిల్ల అందుకుంది. “మేడమ్, తప్పు తెలుగుది కాదు, ప్రశ్నది. నలుగురూ ప్రశ్న రాగానే ఊపారు. ప్రశ్నలడిగే గొంతు, అడగని గొంతు, రెండూ పెట్టి పోలుస్తాను.”

మేడమ్ తెరవైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసింది. “ఠీక్ హై. ఎక్స్‌రేలు ఇంకెవరైనా సర్దుతారు. అడగని గొంతు ఎవరిది?”

“మా నాన్నది.”

మా అన్నయ్య సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసరు. సర్వీసంతా ఎవర్నీ ఒక్క ప్రశ్న అడక్కుండా ప్రమోషన్లు తెచ్చుకున్నాడు. ఆయన చదివితే దోమ కూడా కునుకు తీస్తుంది. ఆ విధంగా మా ఇంటి గొంతులు రెండూ థీసిస్‌లోకి ఎక్కాయి. ఆయనది ఎలా ఉండాలో చెప్పడానికి, నాది ఎలా ఉండకూడదో చెప్పడానికి. తొమ్మిది దాటనివాణ్ని ఎమ్మెస్సీ దాకా వెళ్లాను, ఏ దారిన వెళ్తేనేం.

కాబట్టి పులిసిన పిండి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పడుకున్న మనిషిని గానీ, నిలబడ్డ కస్టమరును గానీ, కూర్చుని చదువుకుంటున్న మిమ్మల్ని గానీ ఇకమీదట అభిప్రాయం అడగను. మనిషన్నాక మారాలి, ఏమంటారు?

ఊపారు. మీ బొమ్మ కూడా పోయింది.