దోవాన్‌కి అరవయ్యో ఏటి కార్డు

మా ఫూ థిన్ ఊళ్ళో సూది పట్టని ఇల్లు లేదు. ఊరు మొత్తంలో మియెన్ చేతిని మించిన చెయ్యీ లేదు. గొప్పకు చెప్పే మాట కాదిది. జిల్లా పోటీల్లో వరసగా మూడేళ్ళు మొదటి బహుమతి ఆమెదే. మూడు గుళ్ళకు పట్టు తెరలు కుట్టింది. ఒక్క తెరమీద డ్రాగనుకే నాలుగు వేల పొలుసులు, కావాలంటే వెళ్ళి లెక్కపెట్టుకోవచ్చు.

అయినా గుడ్డమీద ఎవరైనా కుడతారు. గుడ్డ తప్పును కాస్తుంది, గోటితో రుద్దితే పోగులు జరిగి చిల్లు పూడిపోతుంది. కాగితానికి పడ్డ చిల్లు పడ్డట్టే. అందుకే కార్డు కుట్టేటప్పుడు ముందు ఖాళీ సూదితో చిల్లులన్నీ పొడుచుకుని, ఆ తర్వాతే దారం ఎక్కించాలి. ఆ పొడవడంలో ఒక సుఖం ఉంది. బెరడు కాగితంమీద టిక్కు, టిక్కు అని సూది దిగుతుంటే ఎంత కలతలో ఉన్నా మనసు నిమ్మళిస్తుంది. డెబ్బై రెండేళ్ళ బతుకులో మియెన్ తనకంటూ దాచుకున్న సుఖం అదొక్కటే.

మాకు పుట్టినరోజులతో పనిలేదు. టెట్ పండుగనాడు ఏడు మారితే ఊరందరికీ ఒకేసారి వయసు పెరుగుతుంది. అరవైలో పడ్డవాళ్ళకు ఆ పొద్దున ఇంటివాళ్ళు చేత్తో కుట్టిన కార్డు ఇస్తారు. అరవైలో పడ్డాక పోతే శవం ముందు పట్టే గుడ్డమీద నిండాయువు అని రాస్తారు. ఒక్కరోజు ముందు పోయినా అల్పాయువే.

ఆమె తమ్ముడు దోవాన్‌కి యాభైతొమ్మిది. కాలేయం పాడైపోయింది, ఇంటికి తీసుకుపొమ్మన్నారు పట్నం డాక్టర్లు. టెట్‌కి ఇంకా మూడు రోజులుంది.

అమ్మ పోయేనాటికి వాడు పది నెలల పసిగుడ్డు, మియెన్‌కు పదమూడేళ్ళు. గంజినీళ్ళు పట్టి సాకింది. "నేను సాకిన వాడి పేరు పక్కన అల్పాయువని రాయనిస్తానా?" అనుకుని, మంచం పక్కనే పీట వేసుకుని కార్డు మొదలుపెట్టింది. ఆయువు అని చదివే ఒక్క చీనా అక్షరం, చుట్టూ పీచ్ పూలు, మొత్తం రెండువందల పన్నెండు చిల్లులు.

వాడు కళ్ళు మూసినప్పుడల్లా మాటల్లో పెట్టేది.

"ఒరేయ్, వింటున్నావా? కుట్టు సంఘంలో నలభైమందికి నేర్పిందెవరు?"

"నువ్వే. పోయినేడు చెప్పినప్పుడు ముప్పైమందే ఉన్నట్టున్నారు."

"నలభై. నోరు ముయ్యి."

"మూస్తే నువ్వు భయపడతావు గదక్కా."

ఆ మాటకు సూది జారింది. అక్షరం కింద, ఉండకూడని చోట ఒక చిల్లు. చేతిని మళ్ళీ మళ్ళీ చూసుకుంది, పరాయిదాన్ని చూసినట్టు.

"ఆ టిక్కు వేరుగా ఉంది," అన్నాడు దోవాన్ కళ్ళు తెరవకుండా.

"వేరూ లేదు, వేపా లేదు. పడుకో."

కొత్త కాగితం తీసి మొదటి చిల్లునుంచి మళ్ళీ పొడిచింది.

చాంద్రమానంలో ముప్పయ్యో తేదీ, ఏటి చివరి రోజు. సన్నగా జల్లు పడుతోంది. ఊరంతా ఆకుపొట్లాల్లో బంక అన్నం ఉడుకుతున్న వాసన. దోవాన్ రెండు చెంచాల గంజి తాగి మూడోది వద్దన్నాడు.

"ఇంకా ఎంతసేపక్కా?"

"పొద్దు వాలింది. ఏడెనిమిది గంటలు, అంతే. గట్టిగా పట్టుకో."

"దేన్ని పట్టుకోను?"

ఆమె తన చొక్కా చెయ్యి అందించింది. వాడు దాన్ని పిడికిట్లో పట్టుకున్నాడు. ఆ బరువుతోనే ఆమె పూలు కుట్టింది. ఎర్రదారం అయిపోయి గులాబీరంగు ఎక్కిస్తుండగా వాడి పిడికిలి జారి చెయ్యి తేలికైంది.

ఏడవలేదు. దుప్పటి మెడదాకా లాగింది, కిటికీ మూసింది, మళ్ళీ పీటమీద కూర్చుంది. ఎవరికీ చెప్పకపోతే సరి. తెల్లారాక చెబితే వాడు అరవైలో పోయినట్టే. కుడుతూనే ఉంది.

కంచె అవతలనుంచి తాక్ కేకేశాడు. పక్కింటివాడు, దోవాన్‌తో ఒకే ఏడు పుట్టి ఒకే బల్లమీద చదివినవాడు. ఊళ్ళో చావు గుడ్డలమీద రాసే కుంచె అతనిదే.

"అక్కా, మావాడెలా ఉన్నాడు?"

"నిద్రపోతున్నాడు."

"పోనీ పాపం. రేపు పొద్దున మీ గడపలో కొత్త ఏటి తొలి అడుగు నాదే. ఇద్దరం కలిసి అరవైలో పడుతున్నాం, ఓ చుక్క పోసి ఉంచు."

"నువ్వు రావద్దులే."

"ఏం, నా కాలు చేదా? పోయినేడు నేను తొక్కాకే గదా మీ పంది తొమ్మిది పిల్లల్ని పెట్టింది. ఈ ఏడు మా కోడలు ఒక్కణ్ణి కంటే చాలు."

అతను నవ్వుతూ లోపలికి వెళ్ళాడు. మియెన్ తలుపు దగ్గరే నిలబడిపోయింది. శవమున్న ఇంట్లో ఏడాది తొలి అడుగు వేసినవాడి ఇంటికి ఏడాదంతా పీడే. ఆ కోడలికి నెలలు నిండాయి. గడియ పెట్టి ఊరుకుంటే? తోసుకుని వచ్చే రకం తాక్. ఒంట్లో బాగాలేదంటే? అప్పుడు అసలే ఆగడు. ఎటు తిరిగినా దారి లేదు. మంచం వైపు చూసింది. "ఇంకొక్క పూటరా," అంది. ఎవరిని బతిమాలుతోందో ఆమెకే తెలియలేదు.

తర్వాత కంచె దగ్గరికి నడిచింది.

"తాక్, ఇప్పుడే రా. రేపు రాకూడదు."

అతనికి అర్థమైంది. వచ్చి, స్నేహితుడి పాదాలు ముట్టుకున్నాడు. మా వైపు శవాన్ని కొత్త ఏట్లోకి మొయ్యరు, అర్ధరాత్రిలోగా మట్టిలో పెట్టాలి. మనుషుల్ని పిలవనంపి, గుడ్డ పరిచి, సిరా నూరాడు. పేరు రాశాడు. కుంచె ఆగింది.

"వయసెంత రాయనక్కా? నువ్వు అరవై అంటే అరవై రాస్తా. ఊరు నోరెత్తదు."

మియెన్ చేతిలో సూది ఇంకా అలాగే ఉంది. పడ్డ చిల్లు పడ్డట్టే.

"నీకెన్నేళ్ళు?"

"రేపటికి అరవై."

"ఇవాళ?"

"యాభైతొమ్మిది."

"అదే రాయి."