కొండనడిగి తెచ్చిన పలకలు

తొలకరి చినుకులు మా వాకిట్లో కాళ్ళు కడుక్కునే పలకరాయి మీద పడ్డాయంటే చాలు, వేడి రాయి తడిసిన ఆ వాసనకి చేతిలో పని వదిలేసి గుమ్మంలోకొస్తాను, చిన్నప్పుడు ఇదే చోట ఉన్న మా పాత ఇంట్లోకి వెళ్ళిపోతాను.

అరకు కొండల్లో మా ఊరి ఇళ్ళకి గడ్డీ కాదు, పెంకులూ కాదు, కొండరాయిని పొరలుగా చీల్చిన పలకలే కప్పు. ఎండాకాలం వాటి కింద చల్లగా ఉండేది. పనసపండు వాసనా పొయ్యి పొగా కలిసిపోయి, చోడి అంబలి కుండ పక్కన మా అవ్వ కునుకు తీస్తుంటే పిల్లలం చింతగింజలాడుకునేవాళ్ళం. పలకలు పగిలితే కొత్తవి కొండ మీంచే తేవాలి. అయితే పాతవి దించకుండా కొండని అడగకూడదని ఆచారం. నెత్తిన కప్పుండగా ఇంకోటి అడగడం అత్యాశ అనేది అవ్వ.

ఆ ఏడాది నాన్న అలాగే కప్పంతా దించేశాడు. దించాక తెలిసింది, ఇప్పుడు రాయి తియ్యాలంటే ఫారెస్టు ఆఫీసు పర్మిషన్ కావాలట, దానికి ముందు గ్రామసభ ఒప్పుకోవాలట! గార్డు మా గునపాలు పట్టుకెళ్ళిపోయాడు. తలెత్తితే ఆకాశం, పడమట మబ్బులు. అమ్మ అడ్డాకులు కుట్టి గింజల కుండల మీద కప్పింది. నాన్నకి తిండి సహించలేదు.

ఎట్టకేలకు ఆఫీసరు జీపులో వచ్చాడు. బడి అరుగు మీద ఊరంతా చేరింది. రాయి తియ్యడానికి ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. నాన్న కూడా చెయ్యెత్తకుండా అవ్వ వంక చూశాడు.

"మేం ఒప్పుకుంటే సరిపోద్దా బాబూ? కొండ ఒప్పుకోవాల గదా!" అంది అవ్వ, సంకలోంచి నల్ల కోడిపెట్టని దించుతూ. కొండరాయి ముక్క మీద పోసిన సామలు కోడి తింటే కొండ సరేనన్నట్టు, తినకపోతే వద్దన్నట్టు.

ఆ మహాతల్లి తింటేనా! ఆఫీసరు బూట్లు చూసింది, జీపు చూసింది, తాపీగా ఈకలు దువ్వుకుంది. "ఏటి సూత్తన్నావే, బేగి తిను!" అని అవ్వ కసిరింది. మబ్బు ఉరిమింది. ఆఫీసరు గడియారం చూసుకుని, ఇంక లాభం లేదనుకున్నాడో ఏమో, ప్యాంటు పైకి లాక్కుని గొంతుక్కూచుని, "బా... బా... బా..." అని అచ్చం మా అమ్మలాగే పిలిచాడు. పెట్ట మెడ సాచి ఒక గింజ పొడిచింది. హమ్మయ్య! ఊరంతా ఒక్కసారే ఊపిరి వదిలింది. చేతులన్నీ లేచాయి, పిల్లలం మేమూ ఎత్తేశాం. నాన్న ఆఫీసరు చేతులు పట్టుకుని ఏడ్చేశాడు.

కాయితం వచ్చింది, గునపాలూ వచ్చాయి. చివరి పలక ఎక్కించిన మధ్యాహ్నమే వాన దిగింది. రాయి మీద టపటపలాడుతుంటే అందరం వెల్లకిలా పడుకుని, ఎక్కడైనా చుక్క పడుతుందేమోనని చూశాం. పడలేదు. అవ్వ నవ్వుకుంటూ కోడికి దోసెడు సామలు వేసింది.

ఇప్పుడు మాది స్లాబు ఇల్లు. అవ్వ లేదు. పలకలు చీల్చడం తెలిసినవాళ్ళూ ఊళ్ళో లేరు. ఆ కప్పులోంచి మిగిలింది వాకిట్లో ఈ ఒక్క రాయే. వాన మొదలైతే మా వాళ్ళు టీవీ సౌండు పెంచుకుంటారు. నేను మాత్రం తలెత్తి కప్పు వంక చూస్తాను. చుక్క కారదు, కారదని ముందే తెలుసు. అందుకే కాబోలు, హమ్మయ్య అనిపించదు.