ఫక్రుద్దీన్ కుట్టిన పెద్ద దేశం

పూర్ణా మార్కెట్ వెనక సందులో ఫక్రుద్దీన్ సాయిబు ఓడలకు జెండాలు కుడతాడు. నలభై ఏళ్లలో తన చేతి జెండా ఒక్కటీ వెనక్కి రాలేదని రోజుకోసారైనా చెప్పకపోతే ఆయనకు అన్నం సహించదు. అది వినీ వినీ ఆయన భార్య గులాబ్ బీకి చెవులు చిల్లులు పడ్డాయి.

సాయిబు భూగోళం నేర్చుకున్నది రేవులోనే. ఎవరి ఓడ పెద్దదైతే వాళ్ల దేశమే పెద్దదని ఆయన లెక్క. ఆ లెక్కన మార్షల్ దీవులనే బుల్లి దేశం ముందు అమెరికా బలాదూర్.

మొన్న శీతాకాలంలో బీచ్ రోడ్డు హోటల్లో, ఓడల పొగ ఎవరెంత తగ్గించాలో తేల్చుకోవడానికి నానాదేశాల వాళ్లూ సమావేశమయ్యారు. ఏర్పాట్లు చూసే మధులత జెండాలు పురమాయిస్తూ, పెద్ద దేశాలకు పెద్దవి, చిన్నవాటికి చిన్నవి కుట్టమంది. అందరూ సమానమని ఉపన్యాసాలిచ్చే సభకు ఇదేం పద్ధతో నాకైతే అర్థం కాలేదు.

సభ రోజు పొద్దున్నే సాయిబు మూట విప్పాడు. అమెరికా జెండా చేతిరుమాలంత ఉంది. మార్షల్ దీవులది మంచం దుప్పటంత ఉంది.

"ఏటండీ ఇది! పట్టుకెళ్లి గంటలో చిన్నది చేసి తెండి," అని మధులత తల పట్టుకుంది.

సాయిబు ముఖం మాడిపోయింది. నలభై ఏళ్ల మాట పోయినట్టేనని జెండా మడతపెట్టసాగాడు. అంతలో ఆ దీవుల తరఫున వచ్చినావిడ చూసి, ఇంత పెద్దదెందుకు కుట్టావని అడిగింది. మధులత ఇద్దరికీ మధ్య తర్జుమా చేసింది.

"మా రేవుకొచ్చే పెద్ద ఓడలన్నీ మీయే కదమ్మా!"

ఆవిడ పడీపడీ నవ్వింది. "ఓడలకి రాయించుకునేది మా దేశం పేరే. యజమానులు ఇంకెక్కడో ఉంటారు. మా నేల చాలాచోట్ల సముద్రం కన్నా మనిషెత్తు కూడా ఎక్కువుండదు. ఈ పొగల వేడికి సముద్రం పొంగితే నీళ్లు వంటింట్లోకి వచ్చేస్తాయి."

సాయిబు మడతపెట్టడం ఆపేశాడు. పాపం, ఆయన మనసు చివుక్కుమంది. మధులత వైపు తిరిగాడు.

"కోపం సెయ్యకండి మేడమ్, దీన్ని నాను సిన్నది సెయ్యను. ములిగిపోతన్నోళ్ల జెండా దూరానికి కనబడాల. రేవులో ఎవుల్నడిగినా సెప్తారు. కాదంటే ఎనక్కి పంపేయండి, నా నలబయ్యేళ్ల మాట పోతే పోద్ది."

మధులత కుర్చీ లాక్కుని ఎక్కి, జెండా ఒక కొస అందుకుంది.

"రెండో కొస పట్టుకోండి సాయిబు గారూ. ముందు వరసలోనే కడదాం."