అడిగి కళ్లు తుడిచిన టీచర్

మా కింది వాటాలో చిన్నపిల్లల బడి నడిపే టీచర్ పోయిన గురువారం పొద్దున చనిపోయారు. గుండెపోటట. ఆ రోజు కూడా ప్రత్యేక రాష్ట్రం కోసం బంద్, మా స్కూల్‌కి సెలవు. పాలప్యాకెట్ కోసం కిందికి వెళ్లిన అమ్మ ఖాళీ చేతులతో తిరిగొచ్చి, "టీచర్‌గారు పోయారే" అంటూ పై మెట్టు మీదే కూర్చుండిపోయింది.

నాది ఇంగ్లిష్ మీడియం. తెలుగులో ఇంత ఎప్పుడూ రాయలేదు. కానీ ఆవిడ గురించి ఇంగ్లిష్‌లో రాస్తే ఆవిడ గొంతు వినిపించదు.

తార్నాకలో మా వీధి చివర నుంచుంటే యూనివర్సిటీ గోడ కనిపిస్తుంది. బంద్ రోజుల్లో కూడా క్యాంపస్ క్వార్టర్స్ నుంచి ఐదారుగురు పిల్లలు టీచర్ దగ్గరికి వచ్చేవాళ్లు. నేనూ దిగి వెళ్లి కూర్చునేదాన్ని. ఆవిడ ఏ పిల్లనీ అడక్కుండా ముట్టుకునేవారు కాదు. గౌను గుండీ పెట్టాలన్నా, ముక్కు తుడవాలన్నా, రెండు చేతులూ గాల్లోనే ఆపి "పెట్టాల్నా బిడ్డా?" అనేవారు. ఆ పిల్ల తలూపేదాకా చేతులు అక్కడే.

ఒకసారి ఒక తాతగారు మనవరాలిని తీసుకెళ్లడానికి వచ్చి, ముద్దు పెట్టమని పట్టుబట్టారు. పిల్ల బ్యాగు వెనక దాక్కుంది.

"వద్దంటున్నది పెద్దయ్యా. రేపు అడుగుండ్రి."

"నా మనవరాలేనమ్మా! దానికి గూడ నీ పర్మిషన్ కావాల్నా?"

"నాది గాదు, ఆమెది."

ఆయన గొణుక్కుంటూ వెళ్లారు. మర్నాడు మాత్రం గుమ్మం దగ్గర వంగి, "మేడమ్‌గారూ, ఇయ్యాల మూడ్ ఎట్లున్నది?" అని మనవరాలినే అడిగారు. టీచర్ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఇంకో రోజు క్యాంపస్ గేటు దగ్గర పేల్చిన టియర్ గ్యాస్ మా వీధిలోకి వచ్చేసింది. పిల్లలంతా ఒకటే ఏడుపు. టీచర్ గబగబా కిటికీలు మూసి, గుడ్డలు తడిపి, ఒక్కొక్కరి ముందూ మోకాళ్ల మీద కూర్చుని "కండ్లు తుడవాల్నా?" అని అడుగుతున్నారు. ఒక పాప వద్దంది. గుడ్డ దాని చేతికే ఇచ్చి, "అయితే నువ్వే తుడ్సుకో, ఇట్ల" అని చూపించారు.

నాకు కోపం వచ్చింది. "ఇప్పుడు కూడా అడగాలా టీచర్?"

"భయపడ్డప్పుడే అడగాలె బిడ్డా. మంచిగున్నప్పుడు ఎవరైనా అడుగుతరు."

నన్ను అడగని మనిషి ఒకరున్నారు. నాన్న ఆఫీసులో అంకుల్, మా ఊరివైపు వాళ్లే. గొడవలు మొదలయ్యాక బంద్ రోజుల్లో కూరలు, సరుకులు తెచ్చేది ఆయనే. వచ్చినప్పుడల్లా నా పక్కనే కూర్చుని భుజం చుట్టూ చెయ్యి వేస్తారు. తియ్యరు. నేను జరిగితే ఆయనా జరుగుతారు. లేచి వెళ్లిపోతే తర్వాత అమ్మ, "ఏవిటే ఆ పొగరు? ఈ రోజుల్లో ఈ ఊళ్లో మనకి ఆయన కాక ఎవరున్నారు?" అంటుంది.

ఒక సాయంత్రం టీచర్‌ని అడిగాను. "పదో క్లాసు అమ్మాయి కూడా వద్దు అనొచ్చా?"

చాయ్‌లో ముంచిన బిస్కెట్ అలాగే పట్టుకుని ఆగిపోయారు. ముక్క కప్పులో పడింది.

"ఎనబై ఏండ్ల ముసల్ది గూడ అనొచ్చు. ఎవరు బిడ్డా?"

"నా ఫ్రెండ్."

"తోల్కరా. వాళ్లమ్మతోని నేను మాట్లాడ్త. లొల్లి గాకుండ మాట్లాడ్త."

సోమవారం తెస్తానన్నాను. సోమవారం వచ్చేసరికి భయమేసి, ఫ్రెండ్ ఊరెళ్లిందని చెప్పాను. ఆవిడ నా మొహం చాలాసేపు చూశారు. "రానియ్యి. నేనేడికి పోత?" అన్నారు.

మూడు రోజులకే వెళ్లిపోయారు.

ఫ్రెండ్ ఎవరూ లేరు. నేనే. దీని కింద నా పేరు లేనిది అందుకే. టీచర్ ఉంటే అమ్మతో మాట్లాడేవారు, అమ్మ వినేది కూడానేమో. అదే మాట నేను చెబితే వినదు. చెప్పడం కూడా నాకు చేతకాదు.

గురువారం మధ్యాహ్నం ఆవిడని వాకిట్లో పడుకోబెట్టారు. అంకుల్ కూడా వచ్చారు. నేను ఏడుస్తుంటే వెనక నుంచి వచ్చి, నా తల తన భుజానికి ఆనించుకుని, "ఊరుకోమ్మా, ఊరుకో" అన్నారు. వద్దు అనే మాట గొంతుదాకా వచ్చింది. ఎదురుగా అమ్మ ఉంది. చెంగుతో కళ్లొత్తుకుంటూ, మీరున్నారు కాబట్టి సరిపోయింది అన్నట్టు ఆయన వైపు చూసి తలూపింది. ఆవిడని ఎక్కించిన బండి కదిలింది. అందరూ దాని వెనక నడిచారు. ఆ చెయ్యి కింద నేను మాత్రం కదలకుండా, బండి వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.