సెక్రటరీగారు ఎదురింటి బెల్లు కొట్టిన రోజు

అపార్ట్‌మెంటులో అందరూ చాటుగా ఆయన్ని పళ్ళాయన అనేవాళ్ళు. ఎదురుపడితే సెక్రటరీగారు అనేవాళ్ళు. కట్టుడు పళ్ళు చేయడం ఆయన వృత్తి. పళ్ళ డాక్టరు క్లినిక్ వెనకాల, కిటికీ లేని చిన్న గదిలో ఆయన పని. డాక్టరు మనుషుల నోళ్ళకు అచ్చులు తీసి పంపేవాడు. ఈయన మైనంతో చిగుళ్ళు దిద్ది, పళ్ళు పేర్చి, గులాబీ రంగు పొడి కలిపి ఉడికించి, మోటారు మీద నున్నగా సానపట్టి ఇచ్చేవాడు. ఆ పళ్ళు పెట్టుకుని నవ్విన మనిషిని ఒక్కణ్ణీ చూసి ఎరగడు.

“ఊళ్ళో సగంమంది మీ పళ్ళతోనే నములుతున్నారు. ఒక్కళ్ళన్నా మిమ్మల్ని పలకరిస్తారా?” అని భార్య ఆటపట్టించేది. ఆమె నవ్వేది. ఆయన నవ్వేవాడు కాదు.

ముక్కుసూటి మనిషి. వ్యసనం అనే మాట వింటే ఆయనకు ఒళ్ళు మండేది. వీధి మొదట్లో సారా కొట్టు వస్తుందంటే సంతకాలు పోగుచేసి ఆపించాడు. సెల్లారులో డ్రైవర్లు పేకాడుతుంటే ముక్కలు తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేశాడు. మీటింగుల్లో లేచి నిలబడ్డాడంటే జనం వాచీలు చూసుకునేవాళ్ళు. “చట్టం ఒకటుంది. ఇష్టమొచ్చినట్టు బతుకుతామంటే చట్టమెందుకు? పిల్లల్ని ఇంట్లో అదుపులో పెట్టలేనివాళ్ళ కోసమే పోలీసులున్నారు” అనేవాడు. తన కొడుకుని అలాగే పెంచాడు. పిల్లవాడు బడి నుంచి ఆలస్యంగా వస్తే ఎందుకని అడిగేవాడు కాదు, గుమ్మం బయట నిలబెట్టేవాడు. కొడుకు చక్కగా చదివి, వేరే ఊళ్ళో ఫ్యాక్టరీలు తనిఖీ చేసే ఉద్యోగంలో కుదురుకున్నాడు. ఆదివారం ఆదివారం ఫోను చేసేవాడు. నాన్నగారూ అనే పిలుపు, మీరు అనే మర్యాద ఏనాడూ తప్పలేదు.

ఎదురు ఫ్లాటులో ఫొటో స్టూడియో ఆయన ఉండేవాడు. భార్య పోయింది, ఒక్కతే కూతురు. సన్నగా, చురుగ్గా ఉంటుందని అందరూ పిట్ట అని పిలిచేవాళ్ళు. ఆ తండ్రి తరహా వేరు. కూతురు ఎప్పుడొచ్చినా తలుపు తీసేవాడు, ఎవరితో వచ్చినా టీ పెట్టేవాడు. పిట్ట సాయంత్రాలు స్నేహితులతో మేడ మీద కూర్చుని గంజాయి తాగుతుందని అందరికీ తెలుసు. తండ్రికీ తెలుసు. “ఎక్కడో సందుల్లో తాగేకంటే ఇంటి పైనే నయం కదండీ, కనీసం కళ్ళముందుంటుంది” అన్నాడొకసారి. ఆ మాట పళ్ళాయనకు ముల్లులా గుచ్చుకుంది.

“తండ్రేనా ఆయన? స్నేహితుడిలా ఉంటే సరిపోతుందనుకుంటున్నాడు” అన్నాడు భార్యతో.

“ఆ పిల్ల మనల్నేం చేసింది? నేను కనిపిస్తే చేతిలో సంచీ లాక్కుని మూడంతస్తులు మోసుకొస్తుంది” అంది ఆమె.

“సంచీ మోస్తే తప్పు ఒప్పవుతుందా?”

ఆ వారమే ఒక సాయంత్రం మేడ మీది నుంచి వాసన దిగివస్తుంటే పళ్ళాయన పోలీసులకు ఫోను చేశాడు. చేసిన సంగతి దాచలేదు కూడా. పోలీసులు వచ్చి పిట్టని, మరో ఇద్దరిని మెట్ల మీదుగా దింపుకుపోయారు. తలుపులన్నీ బార్లా తెరుచుకున్నాయి. ఫొటో ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెనకాలే పరుగెత్తాడు. పిట్ట చంటిపిల్లల బడిలో టీచరుగా చేరాల్సింది. కేసు సంగతి తెలిసి బడివాళ్ళు రావద్దన్నారు. బెయిలు వచ్చాక ఆ పిల్ల ఇల్లు వదిలి, ఊరికి ఆ చివర ఒక సెలూన్లో పనికి కుదిరి అక్కడే గది తీసుకుంది. పిట్ట వెళ్ళిపోయాక ఫొటో ఆయన పళ్ళాయనతో మాట్లాడడం మానేశాడు. తిట్టలేదు, పోట్లాడలేదు. మెట్ల మీద ఎదురైతే గోడవైపు తిరిగి దారి ఇచ్చేవాడు. అంతే.

ఏడాది తిరక్కముందే పళ్ళాయన భార్యకు కడుపులో క్యాన్సరని తేలింది. ఆసుపత్రిలో మందు ఎక్కించి పంపిన ప్రతిసారీ వాంతులు. గ్లాసు పాలు లోపల నిలిచేవి కావు. వాంతులకిచ్చిన మాత్రలు వాంతుల్లోనే పోయేవి. మంచం పక్కన బేసిన్ పెట్టుకుని ఆయన కూర్చునేవాడు. ఇన్నేళ్ళూ నోళ్ళతోనే పని చేసినవాడు, భార్య నోట్లోకి ఒక్క ముద్ద పంపలేక ఊరికే చూస్తూ ఉండేవాడు.

వార్డులో పక్క మంచం ఆవిడ భర్త ఒకరోజు చెవిలో చెప్పాడు. “మా ఆవిడకి గంజాయి పొగ కొద్దిగా పట్టిస్తానండీ. కాస్త తింటోంది. మీరూ చూడండి.” పళ్ళాయన వెళ్ళి వార్డు డాక్టరునడిగాడు. డాక్టరు కాగితాల్లోంచి తలెత్తలేదు. “కొందరికి పని చేస్తుందంటారు. కానీ ఇక్కడ అది నేరం, నేను రాయకూడదు. మీరు అడగలేదు, నేను వినలేదు” అన్నాడు.

మూడు రోజులు ఆయన తనలో తాను తగువులాడుకున్నాడు. నాలుగో రోజు భార్య పచ్చటి నీళ్ళు కక్కుకుని, బేసిన్ అంచు పట్టుకుని, “ఇంక నావల్ల కాదండీ” అంది. ఎన్నడూ ఆ మాట అనని మనిషి. ఆయన లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళి ఎదురు ఫ్లాటు బెల్లు కొట్టాడు.

ఫొటో ఆయన తలుపు తీసి, గడప లోపలే నిలబడ్డాడు. లోపలికి రమ్మనలేదు.

“మా ఆవిడకి...” అని పళ్ళాయన ఆగిపోయాడు.

“తెలుసు. ఎలా ఉన్నారు?”

“ఏమీ నిలవడం లేదు. మీ అమ్మాయి... అది ఎక్కడ దొరుకుతుందో మీ అమ్మాయికి తెలిసుంటుందని వచ్చాను.”

ఫొటో ఆయన “మీరా అడుగుతున్నారు?” అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగానే అర్థంకాక అడిగినట్టుంది. పళ్ళాయన తలదించుకుని అవునన్నాడు.

“నేను మాటివ్వలేను. దాన్ని అడిగి చూస్తాను.”

రెండు రోజులకు పిట్టే వచ్చింది. భుజాన సంచీ, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉంది. పళ్ళాయన తలుపు తీస్తే, “పిన్ని కోసం వచ్చాను బాబాయిగారూ” అంది. మీ కోసం కాదనేది ఆ మాటలోనే ఉంది. ఆయన పక్కకు తప్పుకున్నాడు.

గదిలో పిట్ట మంచం మీద కూర్చుని, చిన్న రేకు డబ్బీ తీసి, సన్నగా చుట్టి, ముందు తనే వెలిగించింది. “నెమ్మదిగా పిన్నీ. దగ్గొస్తుంది, కంగారు పడకు.” భార్య దగ్గింది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది, మళ్ళీ పీల్చింది. పళ్ళాయన గుమ్మంలో నిలబడి వీధి తలుపు గడియవైపు చూస్తున్నాడు. బాగా తెలిసిన వాసన. మొట్టమొదటిసారి తన ఇంట్లోంచి బయటికి పోతోంది.

ఆ పూట ఆవిడ ఒక ఉడకబెట్టిన గుడ్డు, రెండు బిస్కెట్లు తిన్నది. అవి నిలిచాయి. అన్ని రోజులూ అలా జరగలేదు. కొన్నిసార్లు ఏమీ పని చేయలేదు. కొన్నిసార్లు మత్తుగా ఉందని విసుక్కునేది. కానీ పిట్ట వచ్చిన పూటల్లో ఇంట్లో మాట వినిపించేది. మందుల దెబ్బకు ఊడగా మిగిలిన జుట్టును పిట్ట మిషనుతో సమంగా తీసి, “ఇప్పుడు నువ్వే మా సెలూన్‌కి మోడల్‌వి పిన్నీ” అంటే ఇద్దరూ పకపకా నవ్వేవాళ్ళు. పళ్ళాయన వంటింట్లో గ్లాసులు కడుగుతూ ఆ నవ్వు వినేవాడు. తను గదిలోకి వెళితే అది ఆగిపోయేది.

సెలవు పెట్టుకుని కొడుకు వచ్చాడు. గదిలో అడుగు పెట్టగానే ముక్కు చిట్లించాడు. సొరుగులో రుమాళ్ళ కింద డబ్బీ దొరికింది.

“ఏంటి నాన్నగారూ ఇది?”

“మీ అమ్మ కోసంరా. తినగలుగుతోంది.”

“డాక్టరు రాశాడా?”

“రాయకూడదట.”

“రాయకూడదంటే తప్పనేగా. ఎదురింటి అమ్మాయి తెచ్చిందా? ఆ అమ్మాయిని పట్టించింది మీరు కదా. తప్పు ఎవరు చేసినా తప్పేనని నాకు చెప్పింది మీరు కదా.”

కొడుకు గొంతులో కోపం లేదు. బడి నుంచి ఆలస్యంగా వచ్చిన పిల్లవాణ్ణి గుమ్మంలో నిలబెట్టినప్పుడు పళ్ళాయన గొంతు సరిగ్గా ఇలాగే ఉండేది. కొడుకు బాత్రూములోకి వెళ్ళి డబ్బీ బోర్లించి నీళ్ళు వదిలాడు.

“నన్నొక్క మాట అడగవేంరా? ఆ వాంతులు ఎవరివి?” అంది తల్లి మంచం మీది నుంచి.

“అమ్మా, మంచి మందులుంటాయి. పెద్ద డాక్టరుతో మాట్లాడతాను.”

మాట్లాడాడు కూడా. కొత్త మాత్రలు తెచ్చాడు. తల్లి కాళ్ళు పట్టాడు, వాంతులు ఎత్తాడు, ఏ లోటూ చేయలేదు. వెళ్ళే ముందు సెలూన్‌కి వెళ్ళి, మళ్ళీ ఆ ఇంటి ఛాయలకు వస్తే కేసు ఇంకొకటి అవుతుందని పిట్టకు చెప్పి మరీ రైలెక్కాడు.

అతను వెళ్ళాక పళ్ళాయన కిటికీ దగ్గర బిగుసుకుని నిలబడితే భార్య పిలిచింది. “వాణ్ణి ఏమీ అనకండి. మనం పెంచినట్టే పెరిగాడు.”

మనం అంది. మీరు అనలేదు.

కొత్త మాత్రలు వారం పనిచేశాయి. తర్వాత మామూలే. పళ్ళాయన మళ్ళీ ఎదురింటి బెల్లు కొట్టాడు. ఈసారి ఫొటో ఆయన లోపలికి పిలిచి కుర్చీ చూపించాడు. “మీ అబ్బాయన్నదాంట్లో అబద్ధం లేదండీ. కేసింకా తెగలేదు. ఇంకోటి మీద పడితే నా కూతురు జైలుకి పోతుంది. నన్నా మాట అడక్కండి” అన్నాడు. అడగడానికి పళ్ళాయనకు ఇంకేం మిగల్లేదు. వానలు మొదలవుతుండగా భార్య పోయింది. చివరి రోజుల్లో బాధ పడే పోయింది.

కర్మలు అయ్యాయి, కొడుకు వెళ్ళిపోయాడు. తనతో రమ్మన్నాడు, ఈయన పని ఉందన్నాడు. పొద్దున్నే క్లినిక్ వెనక గదికి వెళ్ళి, ముక్కుకి గుడ్డ కట్టుకుని పళ్ళు సానపట్టేవాడు. మోటారు ఆపితే చెవుల్లో హోరుమనేది. అందుకని ఆపేవాడు కాదు.

కొన్నాళ్ళకు ఫొటో ఆయన స్టూడియో ఎత్తేసి, కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నానని చెప్పడానికి వచ్చాడు. ఇద్దరూ టీ తాగారు. పళ్ళాయన పెట్టిన టీలో పంచదార ఎక్కువైంది.

“నేను దాన్ని స్వేచ్ఛగా పెంచాననుకునేవాణ్ణండీ,” అన్నాడు ఫొటో ఆయన. “ఇప్పుడు ఒక్కోసారి అనిపిస్తుంది, వద్దని చెప్పి అది అలిగితే భరించలేక ఊరుకున్నానేమో అని. ఇంట్లో ఉన్నదే ఇద్దరం. అది అలిగితే మాట్లాడడానికి ఎవరున్నారు?”

“నేను వద్దనడం తప్ప ఇంకేమీ చెప్పలేదు” అన్నాడు పళ్ళాయన.

ఎవరిది ఒప్పో ఇద్దరూ తేల్చలేదు. ఫొటో ఆయన సామాను దిగిపోయింది. ఎదుటి తలుపుకు తాళం పడింది.

మేడ మీద కొత్త కుర్రాళ్ళెవరో పొగ తాగుతున్నారని కమిటీ మీటింగు పెట్టారు. అందరూ పళ్ళాయన వైపు చూశారు. ఆయన లేచి, గొంతు సవరించుకున్నాడు. “గంజాయి మంచిదని నేనననండీ. నా ఇంటి పిల్లలు తాగితే ఇవాళ కూడా ఒప్పుకోను. కానీ పోలీసులకి చెప్పే ముందు మనం ఒకసారి వెళ్ళి వాళ్ళ బెల్లు కొట్టొచ్చు. కూర్చుని అడగొచ్చు. మనం ఫోను చేస్తామంతే, తర్వాత అది మన చేతిలో ఉండదు” అన్నాడు. కోశాధికారి జాలిగా తలూపి, “పాపం, మనిషి పోయిన దిగులు” అని పక్కాయనతో అన్నాడు. మేడకు తాళం వేయాలని, మళ్ళీ కనిపిస్తే ఫిర్యాదు చేయాలని తీర్మానించారు. పళ్ళాయన సెక్రటరీ పని వదులుకున్నాడు. ఉండమని ఎవరూ బతిమాలలేదు.

ఆ ఆదివారం ఆయన బస్సెక్కి పిట్ట పనిచేసే సెలూన్‌కి వెళ్ళాడు. ఆ పిల్ల ఆయన్ని అద్దంలో చూసి, ఒక్క క్షణం కత్తెర ఆపి, ఖాళీ కుర్చీ చూపించింది. మెడకు గుడ్డ చుట్టింది.

“కేసు వాయిదా ఎప్పుడమ్మా? నేనొచ్చి చెబుతాను. ఫోను చేసింది నేనే కదా, వెనక్కి తీసుకుంటానంటాను.”

“అలా కుదరదు బాబాయిగారూ. వకీలునడిగాం. మీరు వద్దన్నా అది నడుస్తుంది.”

“అంతేనా?”

“అంతే.” నీళ్ళు చిలకరించి దువ్వెన పెట్టింది. “పిన్ని చివర్లో ఏమన్నా తిందా?”

“లేదమ్మా.”

పిట్ట చెయ్యి ఆయన తలమీద కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత పని పూర్తి చేసింది. వెళ్ళొస్తానంటే తలూపింది. మళ్ళీ రమ్మనలేదు, రావద్దనీ అనలేదు.

ఇంటికొచ్చి దీపం వేసేసరికి కొడుకు ఫోను మోగింది.

“భోంచేశారా నాన్నగారూ?”

“చేశాను.”

“బీపీ మాత్ర?”

“వేసుకున్నాను.” కాస్త ఆగి, “నీకేమన్నా అడగాలనుందారా నన్ను?” అన్నాడు.

“ఏం అడగాలి నాన్నగారూ?”

“ఏదైనా.”

“లేదండీ. తలుపు గడియ పెట్టుకోండి. ఉంటాను.”

ఫోను బల్లమీద పెట్టి, పళ్ళాయన వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. భోజనం చేశానన్నది అబద్ధం. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించి, ఒక్కడికి సరిపడా పాలు పెట్టుకుని, అవి పొంగేదాకా అక్కడే నిలబడ్డాడు.